బంగారు రంగు బిట్టు, తుప్పు తిన్న రాడ్డు: ఉక్కు మీద గట్టి పూత ఎక్కడ కాస్తుంది, ఎక్కడ కాయదు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక హైడ్రాలిక్ రిపేరు షాపు. బల్ల మీద పొక్లెయిన్ తాలూకు రాడ్డు ఒకటి పెట్టి ఉంది. 60 మిల్లీమీటర్ల లావు. దూరం నుంచి చూస్తే అద్దంలా మెరుస్తోంది, కొత్తదే అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి గోరుతో నిలువునా గీస్తే అక్కడక్కడా గోరు తట్టుకుంటుంది. ఆవగింజలో సగం కూడా లేని చిన్న గుంటలు, ఒక్కోదాని చుట్టూ ఎర్రటి మరక. బండి రెండేళ్ళుగా బందరు వైపు రొయ్యల చెరువులు తవ్వుతోందట. ఆ గుంటల అంచులు సీలును కోసేశాయి, ఆయిలు కారుతోంది.

బండి ఓనరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. “హార్డ్ క్రోమ్ అన్నారు, ఆకురాయి పెట్టి రాకినా గీత పడదన్నారు. మరి తుప్పెలా పట్టిందండీ?”

మేస్త్రీ తల కూడా ఎత్తకుండా చెప్పాడు. “క్రోమ్‌కి పట్టలేదండి. క్రోమ్ కిందున్న ఇనుముకి పట్టింది.”

గట్టి పూత అనగానే అరగదు, తుప్పు పట్టదు అని రెండూ కలిపి అనేసుకుంటాం. అమ్మేవాళ్ళు కూడా అలాగే చెబుతారు. హార్డ్‌వేర్ షాపులో బంగారు రంగు డ్రిల్ బిట్టు, లిఫ్టు గోడలకి వేసే పసిడి రంగు స్టీలు రేకు, ‘నానో కోటింగ్’ అని బోర్డు పెట్టిన షాపు, కారుకి వేసే ‘సిరామిక్ కోటింగ్’, అన్నీ ఒకే గంపలో పడిపోయాయి. కారు పూత సంగతి ముందే తేల్చేద్దాం. అది పెయింటు మీద రుద్దే సిలికా రకం ద్రవం, మెరుపు నిలవడానికి పనికొస్తుంది. ఉక్కు భాగాల అరుగుదలతో దానికి సంబంధం లేదు. మిగతావి కాస్త విప్పి చూడాల్సినవే.

అరగడం ఒకటి, తుప్పు పట్టడం ఇంకొకటి

అరుగుదల రాపిడి వల్ల జరిగే పని. గట్టి రేణువు మెత్తటి లోహాన్ని గీకుతుంది. లేదా రెండు లోహాలు ఒత్తిడికి ఒకదానికొకటి అతుక్కుని, విడిపోయేటప్పుడు ఒకదాని ముక్క ఇంకోదానికి అంటుకుపోతుంది. లేదా ఇసుక, నీళ్ళు, గాలి వేగంగా వచ్చి కొడతాయి. రైసు మిల్లులో ఊకని తోసే బ్లోవరు రెక్కల్ని చూస్తే ఇది తెలుస్తుంది. ఊక చేతికి మెత్తగానే ఉంటుంది. కానీ దాన్ని కాలిస్తే మిగిలే బూడిదలో 85 నుంచి 90 శాతం దాకా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రెక్కకి సంబంధించినంత వరకూ అది ఎగిరే ఎమ్రీ పేపరు.

తుప్పు అలా కాదు. అది చిన్న బ్యాటరీ. తడిసిన ఇనుము మీద ఒక చోట ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది, దాన్ని ఆనోడు అంటారు. ఇంకో చోట నీటిలో కలిసిన ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది, అది కాథోడు. నీళ్ళలో ఉప్పు కలిస్తే ఈ కరెంటు ఇంకా సులువుగా పారుతుంది. బందరులో బండి అనంతపురం బండి కంటే ముందు తుప్పు పట్టేది అందుకే.

ఈ బ్యాటరీకి గట్టిదనంతో పనిలేదు. మామూలు షాపులో దొరికే గట్టి పనిముట్లలో ఆకురాయి ఒకటి. దాన్ని తడి గుడ్డలో చుట్టి వారం వదిలేస్తే ఎర్రబడిపోతుంది. రెండో వైపు, జీఐ పైపు మీద ఉండే జింకు పూత మేకుతో గీస్తే గీతపడేంత మెత్తన. అయినా తుప్పు దగ్గర అదే మొనగాడు. ఎందుకంటే ఇనుము కంటే జింకు ముందు కరగడానికి సిద్ధంగా ఉంటుంది. రసాయన శాస్త్రపు కొలతలో జింకు స్థానం మైనస్ 0.76 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44. గీత పడి ఇనుము బయటపడినా పక్కనున్న జింకు తాను కరుగుతూ దాన్ని కాస్తుంది.

రెండూ కలిసొచ్చిన చోట లెక్క మారిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద తనంతట తానే ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. మందం కొన్ని నానోమీటర్లే. గీసినా మళ్ళీ వెంటనే కట్టుకుంటుంది. కానీ ఉప్పునీళ్ళ చెరువులో ఏరియేటర్ షాఫ్టు, బేరింగు దగ్గర ఇసుకతో కలిసి నిమిషానికి వంద సార్లు రుద్దుకుంటుంటే, పొర కట్టుకోవడం, చెరిగిపోవడం, మళ్ళీ కట్టుకోవడం ఇదే పని. కట్టుకున్న ప్రతిసారీ కాస్త లోహం ఖర్చవుతుంది. ఉత్త రాపిడికి ఎంత పోతుందో, ఉత్త ఉప్పునీటికి ఎంత పోతుందో విడివిడిగా కొలిచి కలిపినా, అసలు పోయేది ఆ మొత్తం కంటే ఎక్కువే ఉంటుంది.

గట్టిదనం అంకెల్లో ఎంత

లోహాల గట్టిదనాన్ని విక్కర్స్ అనే అంకెతో చెబుతారు. పిరమిడ్ ఆకారంలో చెక్కిన వజ్రం మొనని తెలిసిన బరువుతో నొక్కి, పడిన గుంట ఎంత పెద్దదో చూస్తారు. గుంట చిన్నదైతే అంకె పెద్దది.

మామూలు ఎమ్మెస్, అంటే మెత్తటి ఉక్కు కడ్డీ దాదాపు 130 నుంచి 150. హార్డెనింగ్ చేసిన డ్రిల్ బిట్టు 800 పైన. హార్డ్ క్రోమ్ 800 నుంచి 1000. టంగ్‌స్టన్ కార్బైడు పొడిని మంటతో చల్లిన పూత 1000 నుంచి 1300. బిట్టు మీద కనిపించే బంగారు రంగు టైటానియం నైట్రైడు 2000 దాటుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన ఇంకో అంకె ఇసుకది. ఇసుకలోని క్వార్ట్జు సుమారు 1100.

గీకే రేణువు, గీకించుకునే లోహం కంటే దాదాపు 1.2 రెట్లు గట్టిదైతే అరుగుదల జోరుగా సాగుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 150 ఉన్న ఇనుము ముందు 1100 ఉన్న ఇసుక ఏడు రెట్లకు పైనే. 800 దాకా హార్డెన్ చేసినా ఇసుకదే పైచెయ్యి. పూతతో వెయ్యి దాటించినప్పుడే పోటీ సమానమవుతుంది.

అంకెలు చూసి నేరుగా టైటానియం నైట్రైడు దగ్గరికి పరిగెత్తే ముందు, ఆ అంకె ఎలా వచ్చిందో చూడాలి. పూత గట్టిదనం కొలిచేటప్పుడు వజ్రం మొన పూత మందంలో పదో వంతుకి మించి దిగకూడదు. దిగితే కింద ఉక్కు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. బిట్టు మీద పూత మందం 3 మైక్రాన్లు అనుకుందాం. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఇది దాని మందంలో ఇరవయ్యో వంతు. అంటే మొన 0.3 మైక్రాను మించి దిగకూడదు. మామూలు ల్యాబులో మైక్రోహార్డ్‌నెస్ మిషను మీద 25 గ్రాముల బరువు పెడితే, 2200 గట్టిదనానికి పడే గుంట కర్ణం 4.6 మైక్రాన్లు. లోతు అందులో ఏడో వంతు, అంటే 0.65 మైక్రాను. అప్పటికే రెట్టింపు దాటింది. 5 గ్రాములకు దిగితే లోతు సరిపోతుంది, కానీ గుంట 2 మైక్రాన్లే ఉంటుంది, మామూలు మైక్రోస్కోపులో దాని అంచులు సరిగ్గా ఆనవు. దీనికి నానో ఇండెంటర్ అనే వేరే పరికరం కావాలి. అందుకే, మా పూత గట్టిదనం ఇంత అని ఎవరైనా పేపరు చూపిస్తే, ఎంత బరువుతో కొలిచారన్న గడి ఖాళీగా ఉంటే నాకు ఆ అంకె మీద పెద్ద నమ్మకం ఉండదు.

పూత వేసే దారులు

హార్డ్ క్రోమ్‌ది తొట్టి పని. లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, అందులో వందో వంతు సల్ఫేటు, 50 నుంచి 55 డిగ్రీల వేడి. రాడ్డుకి నెగటివ్ తగిలించి కరెంటు పంపితే క్రోమియం దాని మీద పేరుకుంటుంది. ఈ పద్ధతి కరెంటు దుబారాకి పెట్టింది పేరు. పంపిన కరెంటులో పది నుంచి ఇరవై శాతమే క్రోమ్‌గా మారుతుంది, మిగతాది నీటిని విడగొట్టి హైడ్రోజన్‌గా బుడగలు కడుతుంది.

మన రాడ్డునే లెక్కేద్దాం. 60 మిల్లీమీటర్ల లావు, 600 మిల్లీమీటర్ల పొడవు. చుట్టూ ఉన్న ఉపరితలం దాదాపు 1130 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 25 మైక్రాన్ల క్రోమ్ అంటే 2.8 ఘన సెంటీమీటర్లు, బరువు 20 గ్రాములు. రాడ్డు బరువేమో 13 కిలోలు. 13 కిలోల ఉక్కు బాగోగులు 20 గ్రాముల చేతిలో ఉన్నాయన్నమాట. 15 శాతమే పనికొస్తుందనుకుంటే దానికి 410 ఆంపియర్ గంటలకు పైగా కరెంటు కావాలి. 560 ఆంపియర్లు పంపే రెక్టిఫయరు ఉంటే ముప్పావు గంట పని.

ఆ బుడగల్లోని హైడ్రోజన్ అంతా గాలిలోకి పోదు. కొంత ఉక్కులోకి దూరుతుంది. మామూలు ఉక్కుకి ఫర్వాలేదు. బాగా గట్టిపరిచిన ఉక్కు మాత్రం పెళుసుబారి, కొన్నాళ్ళకి బరువు మీద ఉండగా టప్పున విరిగే ప్రమాదం ఉంది. అందుకే అలాంటి భాగాలను ప్లేటింగు అయిన కొద్ది గంటల్లోనే 190 డిగ్రీల పైన ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి ఉంచుతారు. బయటికి ఏమీ కనిపించని పని కనుక ఎగ్గొట్టడానికి వీలుగా ఉండేదీ ఇదే.

ఎలక్ట్రోలెస్ నికెల్‌కి కరెంటే అక్కర్లేదు. 90 డిగ్రీల దగ్గర ఉన్న ద్రావణంలో హైపోఫాస్ఫైటు చేసే రసాయన చర్యతో నికెల్, ఫాస్ఫరస్ కలిసి పేరుకుంటాయి. 1940లలో అమెరికాలో బ్రెన్నర్, రిడెల్ దీన్ని పద్ధతిగా మలిచారు. క్రోమ్ అంచుల దగ్గర దళసరిగా, లోపలి మూలల్లో పలచగా కూర్చుంటుంది. ఇది రంధ్రం లోపలైనా మర మీదైనా ఒకే మందంలో వస్తుంది.

పీవీడీ, అంటే లోహపు ఆవిరిని పూతగా పేర్చే పద్ధతిలో ద్రావణమే ఉండదు. గాలి తీసేసిన గదిలో టైటానియం దిమ్మ మీద ఆర్కు వేసి ఆవిరి చేస్తారు. కొద్దిగా నైట్రోజన్ వదులుతారు. నెగటివ్ వోల్టేజీలో ఉన్న భాగాల మీదికి అయాన్లు దూసుకెళ్ళి టైటానియం నైట్రైడుగా కూర్చుంటాయి. పసిడి రంగు ఆ పదార్థానిదే, అందులో బంగారం ఏమీ లేదు. అల్యూమినియం కూడా కలిపితే ఊదా కలిసిన నలుపు రంగులో, ఎక్కువ వేడికి ఆగే పూత వస్తుంది. దీనికి అన్నలాంటి సీవీడీలో వాయువులు వెయ్యి డిగ్రీల దగ్గర కలిసి పూతగా మారతాయి. లోహాన్ని కోసే పనిముట్లకి బిగించే కార్బైడు ముక్కల (ఇన్సర్టుల) మీద సీవీడీ పూతలు 1960ల చివరే మార్కెట్లోకి వచ్చాయి. హైస్పీడు స్టీలు బిట్ల మీద బంగారు రంగు ఆ తర్వాత, 1980 దరిదాపుల్లో మొదలైంది.

నాలుగోది చల్లే పని. కార్బైడు పొడిని మంటలో వేడెక్కించి, శబ్దం కంటే రెట్టింపు వేగంతో ఉక్కు మీదికి కొడతారు. మంట ఆగకుండా వెలిగితే హెచ్‌వీఓఎఫ్. తుపాకీలా సెకనుకు కొన్నిసార్లు పేలితే డిటొనేషన్ స్ప్రే. ఈ రెండో దాని మీద హైదరాబాదు బాలాపూర్‌లో 1997 నుంచి ఉన్న ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ చాలా పని చేసింది, ఆ పరిజ్ఞానాన్ని దేశంలో పలు పరిశ్రమలకు ఇచ్చింది కూడా. పూత మందం ఇక్కడ 200 నుంచి 300 మైక్రాన్లు ఉంటుంది. పీవీడీ పూతతో పోలిస్తే దాదాపు వంద రెట్లు.

నైట్రైడింగ్‌ని కూడా జనం ఈ జాబితాలో కలిపేస్తారు. అది పూత కాదు. 500 నుంచి 570 డిగ్రీల మధ్య అమ్మోనియాలో ఉంచితే నైట్రోజన్ ఉక్కులోకే ఇంకి, పై అర మిల్లీమీటరు లోపు భాగాన్ని గట్టిపరుస్తుంది. ఊడొచ్చే సమస్యే లేదు, ఎందుకంటే ఊడటానికి విడిగా ఏమీ లేదు.

సూది మొనంత కన్నం చేసే పని

ఇప్పుడు మేస్త్రీ మాట దగ్గరికి వద్దాం. హార్డ్ క్రోమ్ పేరుకునేటప్పుడు లోపల బిగువు ఎక్కువై సన్నటి పగుళ్ళు వస్తాయి, సెంటీమీటరుకి వందల కొద్దీ. కంటికి కనిపించవు. మందం పెరిగే కొద్దీ ఒక పగులు మీద ఇంకో పొర కప్పుకుంటుంది కాబట్టి చాలావరకు నేరుగా ఉక్కు దాకా దారి ఉండదు. కానీ 20, 25 మైక్రాన్ల పూతలో కొన్ని దారులు మిగిలిపోతాయి. పీవీడీ పూత నిలువు స్తంభాల్లా పెరుగుతుంది, స్తంభాల మధ్య సందులుంటాయి. ఆర్కులోంచి ఎగిరిన టైటానియం చుక్కలు పూతలో ఇరుక్కుని, తర్వాత ఊడి, కన్నాలు వదులుతాయి.

కన్నం ఉంటే ఏమవుతుంది? జింకు అయితే తాను కరిగి ఇనుముని కాస్తుందని చెప్పుకున్నాం. క్రోమ్, నికెల్, టైటానియం నైట్రైడు ఉప్పునీటిలో దానికి ఉల్టా. అవి ఇనుము కంటే నిబ్బరంగా ఉంటాయి. బ్యాటరీలో కరగాల్సిన వంతు ఇనుముకే పడుతుంది. పైగా కరిగే చోటు కన్నమంత, ఎలక్ట్రాన్లు పీల్చే చోటు చుట్టూ ఉన్న పూతంత.

ఒక చదరపు సెంటీమీటరు పూతలో 0.1 మిల్లీమీటరు వెడల్పున్న కన్నం ఒక్కటే ఉందనుకోండి. కన్నం విస్తీర్ణం 0.00785 చదరపు మిల్లీమీటర్లు, చుట్టూ పూత 100 చదరపు మిల్లీమీటర్లు. దాదాపు 12,700 రెట్ల తేడా. ఇనుము మీద చదరపు సెంటీమీటరుకి ఒక మైక్రో ఆంపియరు తుప్పు కరెంటు సమానంగా పరుచుకుంటే, ఏడాదికి పోయేది 0.0116 మిల్లీమీటరు. పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. అదే కరెంటు మొత్తం ఆ ఒక్క కన్నంలోంచే పారితే ఏడాదికి 147 మిల్లీమీటర్లు, రోజుకి 0.4 మిల్లీమీటరు.

నిజంగా అంత జరగదు. క్రోమ్ మీద ఆక్సిజన్ చర్య నెమ్మది, కన్నంలో పేరుకున్న తుప్పే దారికి అడ్డుపడుతుంది, నీటి పొర పలచనైతే కరెంటు దూరం నుంచి రాలేదు. కానీ లెక్క ఎటు చూపిస్తోందో స్పష్టమే. పూత లేని రాడ్డైతే ఒళ్ళంతా సమానంగా ఎర్రబడేది. పూత ఉన్న రాడ్డులో మెరుపు మెరుపులానే ఉండి, అక్కడక్కడా లోతుగా గుంట పడుతుంది. సీలుకి ఈ రెండోదే ఎక్కువ అపకారం.

కన్నాలకు విరుగుడు కింద ఇంకో పొర. ముందు నికెల్ వేసి, దాని మీద క్రోమ్ వేస్తే రాపిడి సంగతి క్రోమ్ చూసుకుంటుంది, పగుళ్ళలోంచి దిగిన ఉప్పునీటిని నికెల్ ఆపుతుంది. సముద్రం దగ్గర పనిచేసే హైడ్రాలిక్ రాడ్లకి చాలాకాలంగా ఇదే వాడుక.

పెరుగన్నం మీద అప్పడం

కన్నాల సంగతి అలా ఉంచి, ఉత్త అరుగుదలే చూసినా ఎక్కువ గట్టిదే ఎక్కువ మంచిదన్న లెక్క కుదరదు. మెత్తటి పెరుగన్నం మీద అప్పడం పెట్టి వేలితో నొక్కండి. అప్పడం గట్టిదే, కానీ కింద అన్నం లోపలికి పోతుంటే అది వంగలేక పగులుతుంది. ఎమ్మెస్ ముక్క మీద 3 మైక్రాన్ల టైటానియం నైట్రైడు వేసి, 150 మైక్రాన్ల ఇసుక రేణువుతో కొడితే జరిగేది అదే. రేణువు ముందు పూత అప్పడం కంటే పలచన.

హిమాచల్‌ప్రదేశ్‌లో సట్లెజ్ నది మీద 1500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రి జలవిద్యుత్ కేంద్రం ఉంది. వానాకాలంలో హిమాలయాల నుంచి వచ్చే నీటిలో క్వార్ట్జు ఇసుక విపరీతం. ఒండ్రు మరీ పెరిగినప్పుడు మిషన్లు ఆపుకోవాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అక్కడ టర్బైన్ భాగాలకు వాడింది టైటానియం నైట్రైడు కాదు, హెచ్‌వీఓఎఫ్‌తో చల్లిన టంగ్‌స్టన్ కార్బైడు. గట్టిదనంలో దానికి సగమే, కానీ దెబ్బని మోయగల మందం ఉంది. ఇలాంటి చోట్ల వాడే పొడి కూర్పు కూడా చూడదగ్గది. కార్బైడు గింజల్ని పట్టి ఉంచే కోబాల్టు ఉత్తదే ఉంటే నీటిలో అది తుప్పు పట్టి గింజలు రాలిపోతాయి. అందుకని 10 శాతం కోబాల్టుకి 4 శాతం క్రోమియం తోడిస్తారు. అరుగుదలకి కార్బైడు, తుప్పుకి క్రోమియం.

పలచటి పూతే కావాల్సిన చోట, అంటే అంచు పదును పోకూడని బిట్టు లాంటి వాటికి, కింద ఉక్కునే ముందు గట్టిపరుస్తారు. అచ్చులకి, డైలకి ముందు నైట్రైడింగ్, దాని మీద పీవీడీ వేసే పద్ధతి ఇలా వచ్చిందే.

పీవీడీ పూతని మందంగా వెయ్యొచ్చుగా అని అడగొచ్చు. దాని లోపలే విపరీతమైన ఒత్తిడి బిగుసుకుని ఉంటుంది. కొన్ని మైక్రాన్లు దాటితే ఆ బిగువుకి తనంతట తానే పెచ్చులూడిపోతుంది.

వేడి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది

బంగారు రంగు బిట్టు సంగతి ఇక్కడ తేలుతుంది. హైస్పీడు స్టీలుని 550 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గడానికి మళ్ళీ వేడిచేస్తారు, కాబట్టి 450 డిగ్రీల పీవీడీ గదిలో అది మెత్తబడదు. మామూలు కార్బన్ స్టీలు బిట్టు టెంపరింగ్ 200 డిగ్రీల దరిదాపుల్లోనే. దానికి అసలైన పీవీడీ చేస్తే రంగు బంగారం, లోపల మెత్తన. మరీ చవగ్గా దొరికే బంగారు రంగు సెట్టు మీద నాకు అనుమానం అందుకే. మంచి బిట్టు విషయంలో ఇంకో సంగతి. మొన అరిగాక సాన పడితే అక్కడి బంగారు రంగు పోయి తెల్లటి ఉక్కు కనిపిస్తుంది, పూత పోయింది, ఇక లాభం లేదనుకుంటారు. రజను జారే గాడిలో పూత అలాగే ఉంటుంది, అంటుకోకుండా రజనుని బయటికి పంపే పని అది చేస్తూనే ఉంటుంది.

ఎలక్ట్రోలెస్ నికెల్‌ది ఇంకో తమాషా. తొట్టిలోంచి తీసినప్పుడు గట్టిదనం 500 ప్రాంతం. 400 డిగ్రీల దగ్గర గంటసేపు కాలిస్తే 900 దాటుతుంది. క్రోమ్‌తో సమానమైందని సంబరపడతాం. కానీ ఫాస్ఫరస్ ఎక్కువున్న నికెల్ తుప్పుకి ఆగేదే దానిలో స్ఫటికాలు, వాటి మధ్య అంచులు లేకపోవడం వల్ల. కాల్చినప్పుడు స్ఫటికాలు పుడతాయి, పూత కాస్త కుంచించుకుని పగుళ్ళిస్తుంది. అరుగుదలకి బలం వచ్చింది, తుప్పు దగ్గర పోయింది.

స్టెయిన్‌లెస్‌కి నైట్రైడింగ్ చేసేవాళ్ళకీ ఇదే అనుభవం. మామూలు ఉక్కుకి చేసినట్టు 500 డిగ్రీల పైన చేస్తే నైట్రోజన్ వెళ్ళి క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. ఆక్సైడు పొర కట్టడానికి క్రోమియం మిగలదు. గట్టిగా తయారైన స్టెయిన్‌లెస్ ముక్క మామూలు ఇనుములా తుప్పు పడుతుంది. అందుకే దానికి 450 డిగ్రీల లోపు ప్లాస్మా పద్ధతిలో, ఓపిగ్గా చేయాల్సి వస్తుంది.

క్రోమ్ తొట్టి మీద నడుస్తున్న వాదన

ఇంతవరకూ వస్తువు సంగతి. తొట్టి సంగతి వేరే. రాడ్డు మీద మెరిసే క్రోమియం లోహం విషం కాదు. తొట్టిలో ఉండేది ఆరు వేలన్సీల క్రోమియం, అంటే ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రకం. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో చేర్చింది. బుడగలు పగిలినప్పుడు లేచే తుంపరని పీల్చే పనివాళ్ళు మొదటి బాధితులు, పారబోస్తే నీళ్ళు తాగే ఊరు తర్వాతది. చిత్తూరుకి దగ్గర్లోనే ఉన్న తమిళనాడు రాణిపేటలో మూతపడిన క్రోమేటు ఫ్యాక్టరీ వదిలిన లక్షకు పైగా టన్నుల వ్యర్థం ఇందుకు గుర్తు. అది ప్లేటింగు షాపు కాదు, రసాయనాల ఫ్యాక్టరీ. కానీ నేలలోకి దిగింది ఈ క్రోమియమే.

ఎంత ప్రమాదమో లెక్కలో చూడొచ్చు. లీటరు తొట్టి నీటిలో 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం ఉంటే, అందులో క్రోమియం 130 గ్రాములు. వాగులోకి వదిలే నీటిలో ఈ రకం క్రోమియం మన దేశపు నిబంధన ప్రకారం లీటరుకి 0.1 మిల్లీగ్రాము మించకూడదు. ఒక్క లీటరుని ఆ స్థాయికి పలచబరచాలంటే 13 లక్షల లీటర్ల నీళ్ళు కావాలి, 5 వేల లీటర్ల ట్యాంకర్లు 260. అందుకే పలచబరచడం దారి కాదు. ఆమ్లంలో బైసల్ఫైటు వేసి దాన్ని మూడు వేలన్సీల రకంగా మార్చి, సున్నంతో ముద్దగా దింపి, ముద్దని విడిగా పంపించాలి. పసుపుపచ్చ నీళ్ళు ఆకుపచ్చకి తిరిగితే మొదటి మెట్టు అయినట్టు.

యూరప్‌లో 2017 సెప్టెంబరు 21 తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమిక్ ఆమ్లం వాడకూడదని గడువు పెట్టారు. విమానాల చక్రాల కాళ్ళకి క్రోమ్ బదులు హెచ్‌వీఓఎఫ్ కార్బైడు వచ్చింది, చాలా చోట్ల క్రోమ్ కంటే ఎక్కువ కాలం మన్నింది కూడా. క్రోమ్ రోజులు అయిపోయాయనేవాళ్ళ వాదనకి ఇదే బలం. హైడ్రోజన్ పెళుసుదనం బెడద కూడా చాలావరకు తప్పుతుంది.

రెండో వైపు మాట కూడా తేలిగ్గా తీసెయ్యలేం. చల్లే పూత కంటికి ఎదురుగా ఉన్న చోటే పడుతుంది. సన్నటి సిలిండరు లోపలి గోడకి తుపాకీ దూరదు. చల్లాక డైమండ్ చక్రంతో గ్రైండింగ్ చెయ్యాలి, మామూలు రాయి దాన్ని తియ్యలేదు. మిషను ఖర్చు చిన్న షాపు భరించేది కాదు. కోబాల్టు పొడి కూడా ఊపిరితిత్తులకి మంచిదేమీ కాదు. అరిగిన క్రోమ్‌ని ఆమ్లంలో కరిగించి, మళ్ళీ వేసి, అదే రాడ్డుని నాలుగు సార్లు బతికించుకునే రిపేరు పద్ధతికి సరితూగే ప్రత్యామ్నాయం ఇంకా చిన్న షాపులకి అందలేదు. మూడు వేలన్సీల తొట్టి అలంకారపు క్రోమ్‌లో బాగా కుదురుకుంది. దళసరి, గట్టి పూతలో దానితో పని ఇంకా కష్టంగానే ఉంది. నాకు అనిపించేది, తొట్టి ఉండాలా వద్దా అన్న వాదనలో తుంపరని లాగే ఫ్యాను, మురుగు శుద్ధి ప్లాంటు రోజూ నడుస్తున్నాయా అన్న చిన్న ప్రశ్న మరుగున పడుతోందని.

ఉప్పు పొగలో 200 గంటలంటే ఎన్నేళ్ళు?

పూతల కాగితాల్లో కనిపించే ఇంకో అంకె సాల్ట్ స్ప్రే గంటలు. 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీటిని పొగమంచులా కొడుతూ ఎర్ర తుప్పు ఎప్పుడు కనిపిస్తుందో చూస్తారు. ఈ పరీక్ష ప్రమాణం అమెరికాలో 1939లో వచ్చింది. ఆ గంటల్ని ఏళ్ళలోకి మార్చే సూత్రం మాత్రం ఈ రోజుకీ లేదు. పెట్టెలో ఎప్పుడూ తడే. బయట రాత్రి తడి, పగలు ఎండ, మధ్యలో మట్టి, ఆయిలు, సీలు రాపిడి. ఒకే తొట్టి పని ఈ వారం, పోయిన వారం ఒకేలా ఉందా అని చూసుకోవడానికి అది మంచి పరీక్ష. ఈ పూత మీ ఊళ్ళో ఎన్నేళ్ళు ఉంటుందన్న ప్రశ్నకి అందులో జవాబు లేదు. పైగా అందులో రాపిడి లేదు. అరుగుదల పరీక్షలో ఉప్పునీళ్ళుండవు. మన రాడ్డు రెండు పరీక్షలూ విడివిడిగా పాసై ఉండొచ్చు.

ఆ రాడ్డు సంగతికొస్తే, పాత క్రోమ్ కరిగించి, గుంటలు పోయేదాకా గ్రైండింగ్ చేసి, నికెల్ వేసి దాని మీద క్రోమ్ వేయిద్దామని మేస్త్రీ సలహా ఇచ్చాడు. ఖర్చు దాదాపు డబుల్ అవుతుందన్నాడు. ఓనరు కాసేపు లెక్కలేసుకుని, ఉత్త క్రోమే వేయమన్నాడు, కాకపోతే కాస్త దళసరిగా. బండికి వచ్చే నెల నుంచి అనంతపురం వైపు పని దొరికిందట.